ఇల్లు మారాక మిగిలే ప్లాస్టిక్ ఎవరిది?

కిందటేడాది శ్రావణంలో మేం దిల్‌సుఖ్‌నగర్ నుంచి మియాపూర్‌కి ఇల్లు మారాం. ఆషాఢం పోయేదాకా ఆగినవాళ్లంతా ఒకేసారి బయల్దేరతారు కాబట్టి డీసీఎం వ్యాన్ దొరకడమే కష్టమైంది. పొద్దున ఏడింటికి ప్యాకర్స్ అండ్ మూవర్స్ కంపెనీ నుంచి ఐదుగురు కుర్రాళ్లు వచ్చారు. మూడు గంటల్లో ఇల్లంతా అట్టపెట్టెల్లోకి వెళ్లిపోయింది. ఫ్రిజ్‌కి ముందు బబుల్ ర్యాప్, దాని మీద ముడతల అట్ట, ఆ పైన స్ట్రెచ్ ఫిల్మ్ అనే సాగే ప్లాస్టిక్ పొర, చివర్లో చుట్టూ బ్రౌన్ టేప్. మా అత్తగారి ఇత్తడి బిందెకీ అదే మర్యాద. నలభై ఏళ్లుగా గోనెసంచిలో ఊళ్లు తిరిగిన బిందె అది.

పాలు పొంగించి, సామాన్లు సర్దుకునేసరికి వారం పట్టింది. అప్పటికి బాల్కనీలో నడుమెత్తు ప్యాకింగ్ చెత్త పేరుకుంది. కంపెనీకి ఫోన్ చేసి తీసుకెళ్లమని అడిగాను. "ప్యాకింగ్ చార్జీ కట్టారు కదండీ, అదంతా మీదే" అన్నారు. వాళ్ల వెబ్‌సైట్‌లో మాత్రం పచ్చటి ఆకు బొమ్మ ఉంది. దాని కింద, తాము వాడేదంతా రీసైకిల్ అయ్యే సరుకేనని రాసి ఉంది.

రీసైకిల్ అవుతుంది, నిజమే. కానీ చేసేదెవరు? మా అపార్ట్‌మెంట్‌లో ఆ పని వాచ్‌మన్ భార్య చేసింది. మెట్ల కింద కూర్చుని, ఒక్కో పెట్టె మీది టేపు కొడవలితో కోసి, పెట్టెను పరిచి, తాడుతో కట్టలు కట్టింది. బయట పెట్టిన నాలుగు పెట్టెలు రాత్రి వానకు నానిపోయాయి. స్క్రాప్ షాపువాడు వాటిని పక్కన పడేసి మిగతావి తూకం వేశాడు. మన దగ్గర ఇళ్లు మారే రద్దీ శ్రావణంలో ఉంటుంది, అదే వానాకాలం. ఎండాకాలంలో డబ్బులొచ్చే అట్ట ఇప్పుడు బురద అవుతుంది. ఆ నష్టం పడేది కంపెనీ కాదు, ఆమె.

అట్ట సంగతి ఎలాగో గడుస్తుంది. బాధంతా ఫిల్మ్‌తోనే. స్ట్రెచ్ ఫిల్మ్, బబుల్ ర్యాప్ పాలిథీన్ రకాలే. శుభ్రంగా, కట్టలుగా ఇస్తే కొనేవాళ్లున్నారు. కానీ మన ఇంటికొచ్చే ఫిల్మ్‌కి టేపు అంటుకుని ఉంటుంది, దుమ్ము పట్టి ఉంటుంది, తూకానికి రెండు కిలోలైనా రాదు. దాన్ని విడదీసే కూలికి కూడా ధర గిట్టదు. థర్మాకోల్ ఇంకా దారుణం. అందులో 98 శాతం గాలే. బండెడు తీసుకెళ్లినా పిడికెడు సరుకు. దూదిపరుపుల కాలంలో వీధిలోకొచ్చి దూది ఏకి పరుపు మళ్లీ కొత్తగా చేసిచ్చేవాళ్లు ఉండేవారు. ఇప్పుడు షిఫ్టింగ్‌లో వదిలేసే ఫోమ్ పరుపును ఊరికే ఇచ్చినా అడిగేవాళ్లు లేరు. ఇలా ఎవరికీ అక్కర్లేనివన్నీ చివరికి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దారి పడతాయి.

చట్టం చూస్తే ఇక్కడ పెద్ద సందే కనిపిస్తుంది. 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించిన ఒకసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల్లో స్వీటు డబ్బా చుట్టూ చుట్టే పల్చటి ఫిల్మ్ ఉంది. పెళ్లిపత్రిక మీది ఫిల్మ్ కూడా ఉంది. ఫ్రిజ్ చుట్టూ పది చుట్లు తిప్పే ఫిల్మ్ ఆ జాబితాలో లేదు. ప్యాకింగ్ ప్లాస్టిక్‌ని వెనక్కి తీసుకునే బాధ్యతను అదే ఏడాది నిబంధనల్లో ప్రధానంగా తయారీదారులు, దిగుమతిదారులు, బ్రాండ్ యజమానుల మీద పెట్టారు. బజార్లో రోల్ కొని మన సోఫాకి చుట్టి వెళ్లే మూవర్స్ కంపెనీని అందులో ఎక్కడ పట్టుకుంటారు? ఒక ఆసరా మాత్రం ఉంది. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, ఆధారం చూపకుండా 'గ్రీన్', 'ఎకో ఫ్రెండ్లీ' అని చెప్పుకోవడం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఆకు బొమ్మ పెట్టినవాళ్లు లెక్క చూపాలి. ఎన్ని పెట్టెలు ఇచ్చారు, ఎన్ని తిరిగి తెచ్చుకున్నారు? నా మటుకు ఈ రెండు అంకెలు చాలు.

ఎందుకంటే ఈ వ్యాపారంలో అసలు పని రీసైక్లింగ్ కాదు, మళ్లీ వాడటం. అది కంపెనీ చేతిలోనే ఉంది. రోజూ ఇళ్లు మార్చేవాళ్లకి ఒక ఇంటి పెట్టె రేపటి ఇంటికి పనికొస్తుంది. మాకు మాత్రం మళ్లీ ఇల్లు మారేదాకా దానితో పనిలేదు. వస్తువు ఎవరికి పనికొస్తుందో వాళ్ల దగ్గరుండాలి. ఇప్పుడు ప్యాకింగ్‌ని మనకు అమ్ముతున్నారు కాబట్టి ఎంత ఎక్కువ చుడితే అంత బిల్లు. అదే అద్దెకిస్తే, తక్కువ చుట్టడంలోనే వాళ్లకి లాభం. బ్రిటన్‌లో మూత ఉన్న ప్లాస్టిక్ క్రేట్లను షిఫ్టింగ్‌కి అద్దెకివ్వడం మామూలే. గిన్నెలు, పుస్తకాలు అందులో సర్దుకుని, ఖాళీ అయ్యాక తిరిగి అప్పగిస్తారు. ఫర్నిచర్‌కి మందపాటి బొంతలు కట్టి, బెల్టు బిగిస్తారు. మన ఇళ్లలోనూ ఇదే పద్ధతి ఉండేది: ట్రంకుపెట్టెలు, గోనెసంచులు, పాత దుప్పట్లు.

ఇంగ్లండ్‌లో ఇంకో మంచి పని చేశారు. ఇంట్లో పారేసే పాత సామాను తీసుకెళ్లేవాడికి చెత్త రవాణాకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఇంటివాళ్లు చూసుకోవాలి. చూడకుండా ఇచ్చేస్తే 600 పౌండ్ల వరకు జరిమానా వేయొచ్చు. అక్కడ చదువుకునే మన పిల్లలు గది ఖాళీ చేసేటప్పుడు, చౌకగా వస్తానన్న వ్యాన్‌కి పాత పరుపు అప్పగించే ముందు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

కంపెనీల ఇబ్బంది నాకు అర్థం కాకపోలేదు. పెట్టెల కోసం మళ్లీ రావడమంటే ఇంకో ట్రిప్పు, ఇంకో కూలి. బొంత కట్టడానికి పట్టే టైములో ఫిల్మ్‌తో మూడు వస్తువులు చుట్టేయొచ్చు. పాత అట్టపెట్టె ముడతల్లో బొద్దింకలు గుడ్లు పెడతాయన్న భయమూ నిజమే. అందుకే క్రేట్లు అంటున్నాను, కడిగి ఆరబెట్టొచ్చు. ట్రిప్పు సంగతికొస్తే, వారం తర్వాత ఈ చుట్టుపక్కల ఇంకో ఇంటి పనికి ఎలాగూ బండి వస్తుంది. ఆ రోజే తీసుకెళ్లొచ్చు. కస్టమర్ దగ్గర ముందే కొంత డిపాజిట్ ఉంచుకుంటే క్రేట్లు పోవు. ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

బండ్ల గురించి ఎక్కువ చెప్పను. ఊళ్లో తిరిగే పనికి ఎలక్ట్రిక్ ఛోటా హాతీ (టాటా ఏస్) నిక్షేపంలా సరిపోతుంది. 2024లో వచ్చిన మోడల్ టన్ను బరువు మోస్తుంది. తెలంగాణలో ఆ ఏడాది నవంబరు నుంచి ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్డు ట్యాక్సు కూడా మినహాయించారు. మా షిఫ్టింగ్‌కి రానూపోనూ యాభై కిలోమీటర్లు, డీజిల్ ఆరేడు లీటర్లు. అదే బెంగళూరుకి మారినవాళ్ల బండి 570 కిలోమీటర్లు వెళ్లి ఖాళీగా తిరిగొస్తే, ఒక్క వెనక్కి రావడానికే అరవై లీటర్లు దాటుతుంది. లారీవాళ్లు రిటర్న్ లోడ్ లేకుండా కదలకూడదని చూసుకునేది అందుకే. దూరప్రయాణంలో అంతకుమించిన పర్యావరణ సేవ లేదు.

మొన్న మా తమ్ముడు కూకట్‌పల్లిలో ఇల్లు మారుతూ నలుగురి దగ్గర కొటేషన్ అడిగాడు. పెట్టెలు, ఫిల్మ్ తిరిగి తీసుకెళ్తామని కాగితం మీద రాసివ్వమన్నాడు. ముగ్గురు కుదరదన్నారు. నాలుగో అతనికి ఉన్నది ఒక్క బండే. కాసేపు ఆలోచించి, "పాత బొంతలున్నాయి సార్, ఫిల్మ్ అసలు వాడను, కాకపోతే ఒక గంట ఎక్కువ పడుతుంది" అన్నాడు. గంటంబావు ఎక్కువ పట్టింది. గాజు బీరువా అద్దానికి గీత కూడా పడలేదు. వెళ్లేటప్పుడు బొంతలన్నీ దులిపి, మడతపెట్టి, బండిలో వేసుకుని వెళ్లాడు.