పదివేల కాంపౌండ్లు, ఒకటే అస్థిపంజరం

నెల్లూరు సుధాకర్ మందుల కంపెనీలో కాంపౌండ్లను శుద్ధి చేసి చేసి రిటైరయ్యాడు. బావమరిది రమణ కావలిలో కెమిస్ట్రీ లెక్చరర్. నాలుగు పదార్థాలు ఒకేసారి కలిపే ఉగి రియాక్షన్‌తో, మందుల వేటలో పరీక్షించడానికి కాంపౌండ్ల లైబ్రరీ (పెద్ద సేకరణ) కడతానని రమణ రాసిన ప్రాజెక్టు మీద ఈ వాదన.

రమణ: ఆల్డిహైడ్, అమీన్, కార్బాక్సిలిక్ యాసిడ్, ఐసోసైనైడ్ ఒకే ఫ్లాస్కులో వేస్తాం. వృథాగా పోయేది నీళ్లే. ఒక్కోదాంట్లో పది రకాలు తీసుకుంటే పదివేల కాంపౌండ్లు బావా!

సుధాకర్: కాగితం మీద. అన్నీ చేశావే అనుకో, మధ్యలో అస్థిపంజరం, అంటే అణువు మూల కట్టడం, ఒకటే కదా. చొక్కా మారిస్తే మనిషి మారతాడా? పైగా రియాక్షన్ అయిందంటే పని అయిపోయినట్టు రాశావు. అమీన్ మందకొడిదైతే మిగతా మూడూ కలిసి పాసెరినీ రియాక్షన్ జరిగి వేరే పదార్థం తయారవుతుంది. మిశ్రమాన్ని మచ్చలుగా విడదీసే టీఎల్‌సీ ప్లేటు యూవీ లైటు కింద పెట్టు, మూడు మచ్చలు కనబడతాయి. ఆ సీసాను అట్టే పరీక్షకు పంపితే, పనిచేసింది ఏ మచ్చో ఎవరు చెప్తారు?

రమణ: అణువు నిర్మాణం చూపే ఎన్‌ఎంఆర్ పరీక్షలో పీకులు జంటగా వచ్చినా మురికే అంటారేమో! అవి రోటమర్లవి, ఒకే అణువు రెండు భంగిమల్లో ఉంటే వచ్చేవి. వేడి చేసి తీస్తే కలిసిపోతాయి.

సుధాకర్: అది నిజమే. అట్లా మంచివి పారేసిన వాళ్లున్నారు.

రమణ: బీపీ మాత్ర నిఫెడిపిన్ ఇలాగే ఒకే ఫ్లాస్కులో చేసే హాంట్ష్ రియాక్షన్‌తో వచ్చిందే. 1999లో 16,320 కాంపౌండ్లు జల్లెడ పడితే కణ విభజనను ఆపే మోనాస్ట్రాల్ దొరికింది, అది బిజినెల్లీ అనే ఇలాంటి మరో రియాక్షన్ సరుకు. సంఖ్య లేకుంటే దొరికేదా?

సుధాకర్: అవి రకరకాల అస్థిపంజరాలబ్బా! నువ్వు చెప్పేది నా మాటే. అయినా బిజినెల్లీ ఊసెత్తకు. 1891 నాటి రియాక్షన్‌కి ఏటా కొత్త కెటలిస్టు, కొత్త పేపరు. ఆఖరికి నిమ్మరసం కూడా!

రమణ: పొదలకూరు నిమ్మకాయలకేం తక్కువ? పేద కాలేజీలకు చవక.

సుధాకర్: ఎండాకాలం బస్తా రేటు కనుక్కో. యాసిడ్ సీసాయే నయం.

రమణ: రేటు సంగతి కాదు, పిల్లలు చేత్తో చేసి నేర్చుకుంటారు.

సుధాకర్: నేర్పడానికైతే నేనొద్దన్నానా? పదివేలు కొట్టేసి నలభై అని రాయి. ఉగి అయ్యాక ఇంకో స్టెప్పులో రింగులు మూయి, నాలుగైదు రకాలుగా, అప్పుడు అస్థిపంజరాలు వేరవుతాయి. నలభైకీ స్వచ్ఛత తేల్చే ఎల్‌సీఎంఎస్ పరీక్ష తీయించు.

రమణ: నలభై అంటే డబ్బులెవరిస్తారు బావా? పదివేలు చూసే ఫైలు కదిలేది.

సుధాకర్: ఐసోసైనైడ్ కంపు తెలుసుగా, మీ ల్యాబులో ఆవిర్లు బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఉందా?

రమణ: ఉంది. ఫ్యాను తిరగదు.

సుధాకర్: దాని రిపేరు ప్రాజెక్టులో ఏ పేజీలో రాశావు?