చర్చిలు కట్టించిన పార్టీకి ఒక శిలాఫలకం

మన దగ్గర బస్టాండులో మరుగుదొడ్డి కట్టినా గోడకు నల్లరాతి ఫలకం తప్పదు. ప్రారంభించిన మంత్రి, అధ్యక్షత వహించిన ఎమ్మెల్యే, గౌరవ అతిథులు, ప్రోటోకాల్ ప్రకారం కలెక్టరు, అడుగున కాంట్రాక్టరు. పేరు పడనివాళ్లు అలుగుతారు. అలిగినవాళ్ల ప్రభుత్వం వచ్చాక ఫలకం పగులుతుంది. ఇంత నిండైన సంప్రదాయంలో పెరిగినవాడికి పోలండ్‌లోని నోవా హుతా చర్చిల చరిత్ర తెలిస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆ చర్చిలు లేవడానికి అందరికంటే ఎక్కువ పాటుపడిన సంస్థ పేరు చెక్కించాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. ఆ సంస్థ అప్పట్లో దేశాన్ని ఏలిన కమ్యూనిస్టు పార్టీ. ఈ అన్యాయాన్ని పెద్దల దృష్టికి తేవడమే నా పని. చదివేవాళ్లు దయచేసి నవ్వవద్దు.

నోవా హుతా అంటే క్రాకోవ్‌కు తూర్పున 1949లో మొదలెట్టిన ఉక్కు నగరం. క్రాకోవ్ సంగతి చెప్పేదేముంది! రాజుల కోట, 1364 నాటి విశ్వవిద్యాలయం, వీధికో చర్చి, 1946 ప్రజాభిప్రాయ సేకరణలో కొత్త ఏలికలకు ఎదురు ఓటేసిన మొండి జనం. ఇలాంటి ఊరి పక్కన కార్మికవర్గాన్ని దించితే ఊరి బుద్ధి కుదురుతుందని పైవాళ్లు అనుకున్నారని చాలామంది అంటారు. అక్కడ ఇనుప ఖనిజం లేదు, బొగ్గు లేదు. ఉన్నదల్లా బంగారం పండే నల్లనేల. కాబట్టి ఉక్కు కర్మాగారం అక్కడే కట్టారు. దానికి లెనిన్ పేరు పెట్టారు.

ప్లాను మాత్రం వంక పెట్టలేనిది. తదేవుష్ ప్తాషిత్స్కి అనే ఆర్కిటెక్టు బృందం లక్ష మందికి గీసిన ఊరు అది. మధ్యలో పెద్ద కూడలి, అక్కడి నుంచి బయలుదేరే విశాలమైన దారులు, బడులు, ఆసుపత్రి, సినిమా హాలు, నాటకశాల, చంటిపిల్లల కేంద్రాలు, వరసలు వరసలు చెట్లు. అన్నీ రాసుకున్నారు, ఒక్క దేవుణ్ణి తప్ప. మన టౌన్ ప్లానింగు వాళ్లు డ్రైనేజీ మరిచిపోతారు, అది మతిమరుపు. ఇది మతిమరుపు కాదు, విధానం. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, ఆ ఊరికి పనికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది పల్లె జనం. ఆదివారం పూజ చూడకపోతే ముద్ద దిగని మనుషులు.

యాత్రికులు ముందుగా మొగివా వెళ్లాలి. నోవా హుతాలో కలిసిపోయిన పాత పల్లె అది. అక్కడ సిస్టర్షియన్ అనే కథోలిక సన్యాసుల సంఘం మఠాన్ని 1222లో పీఠాధిపతి (బిషప్) ఇవో ఒద్రోవాంజ్ స్థాపించాడు. మహిమ గల సిలువ ఉందని జనం ఇప్పటికీ వస్తారు. 16వ శతాబ్దంలో ఆ మఠంలోనే సన్యాసిగా ఉన్న స్తానిస్వావ్ సమోస్ట్షెల్నిక్ వేసిన గోడచిత్రాలు ఉన్నాయి. ఎదురుగానే పునీత బర్తొలొమయి పేరున చెక్క చర్చి. దాని గుమ్మం మీద 1466 అన్న సంవత్సరం, దాంతోపాటు మాచేయ్ మోంచ్కా అనే వడ్రంగి పేరు చెక్కి ఉన్నాయి. గమనించారా? అయిదున్నర శతాబ్దాల కిందటి వడ్రంగికి పేరుంది. నలభై ఏళ్లు ఏలిన పార్టీకి లేదు. మొగివాలో పార్టీ చేసిన సేవేమిటని ఎవరైనా అడగవచ్చు. ఎనిమిదొందల ఏళ్లుగా ఉన్న మఠం చాలక ఊళ్లో మరిన్ని చర్చిలు కావాల్సి వచ్చేంత జనాన్ని తెచ్చిపోసింది ఎవరు మరి? లక్షకు గీసిన ఊరు తరవాత రెండు లక్షలు దాటింది.

ఇక అసలు కథ. 1956లో గొమూవ్కా అనే పార్టీ నాయకుడు అధికారంలోకి రాగానే కాస్త గాలి ఆడింది, చర్చికి అనుమతి వచ్చింది. 1957లో జనం స్థలంలో చెక్క సిలువ నాటారు. ఆ స్థలం కార్ల్ మార్క్స్ వీధీ, సోవియట్ కవి మయకోవ్‌స్కీ వీధీ కలిసే మూల. వాస్తు తెలిసినవాడెవడూ ఇంతకంటే గొప్ప ఈశాన్యం చూపించలేడు. ఆ తరవాత సర్కారు మనసు మారింది. అనుమతి రద్దు, అక్కడ బడి కడతామన్నారు. ఎందుకు బడి? పోలండ్ రాజ్యానికి వెయ్యేళ్లు నిండబోతున్నాయి గనుక దేశమంతా వెయ్యి బడులు కట్టాలని పథకం. ఆ వెయ్యేళ్ల లెక్క ఎక్కడ మొదలవుతుందంటే, 966లో మియెష్కో అనే రాజు జ్ఞానస్నానం తీసుకున్నప్పటి నుంచి. అంటే రాజుగారు క్రైస్తవుడైన శుభసందర్భంగా సిలువ పీకేసి బడి కట్టడం. ఇంత లోతైన ఆలోచన నాలాంటివాడి బుర్రకు తట్టదు.

1960 ఏప్రిల్ 27న సిలువ తవ్వడానికి పనివాళ్లు వచ్చారు. ముందు ఆడవాళ్లు అడ్డం పడ్డారు. కర్మాగారంలో షిఫ్టు దిగినవాళ్లు వచ్చి కలిశారు. సాయంత్రానికి వీధుల్లో వేల మంది. పోలీసులు బాష్పవాయువు వదిలారు, నీళ్ల ఫిరంగులు తెచ్చారు, వందల మందిని పట్టుకుపోయారు. సిలువ మాత్రం కదల్లేదు. బడీ కట్టారు, సిలువా ఉండిపోయింది. చాలా ఏళ్ల తరవాత ఆ పక్కనే చర్చి కూడా వచ్చింది. ఆ రోజు వరకూ అది మామూలు చెక్క సిలువ. మర్నాటికి పుణ్యక్షేత్రం. ఇంత ప్రచారం కోట్లు పోసి సువార్త సభలు పెట్టేవాళ్లకు కూడా దొరకదు, పార్టీ ఉచితంగా చేసిపెట్టింది.

అప్పటికే కరోల్ వొయ్తీవా అనే సహాయ పీఠాధిపతి 1959 నుంచి క్రిస్మస్ అర్ధరాత్రి పూజ నోవా హుతా బయలులో మొదలుపెట్టి ఉన్నాడు. పైన కప్పు లేదు, కింద మంచు. ఏటా అదే వరస. ఆ బయలు పూజల మనిషే 1978లో రోమ్‌లో రెండో జాన్ పాల్ పోపు అయ్యాడు. ఇంతటి అప్రెంటిస్‌షిప్ ఇచ్చిన పార్టీకి వాటికన్ ఒక కృతజ్ఞతా పత్రమైనా పంపి ఉండాల్సింది.

చివరికి 1967లో, సిలువ ఉన్నచోట కాకుండా బీన్చిత్సె అనే చోట, చర్చికి మళ్లీ అనుమతి ఇచ్చారు. ఇక్కడే పార్టీ నిర్మాణ నైపుణ్యం పూర్తిగా బయటపడింది. అనుమతి ఇచ్చారు గాని సిమెంటు, యంత్రాలు ఇవ్వలేదు. సిమెంటు పర్మిట్ల కోసం ఎమ్మార్వో ఆఫీసుల చుట్టూ తిరిగిన తరం మన దగ్గర ఇంకా ఉంది, వాళ్లకు వివరించక్కర్లేదు. దాంతో ఊరి జనం చేతులతో పని మొదలెట్టారు. దేశదేశాల నుంచి కుర్రాళ్లు సెలవుల్లో వచ్చి కాంక్రీటు కలిపారు. గోడల బయట పొదగడానికి దేశం నలుమూలల నుంచి నదుల గులకరాళ్లు వచ్చాయి, రెండు మిలియన్లు, అంటే 20 లక్షలు. శంకుస్థాపన రాయి 1969లో రోమ్‌లోని పునీత పేతురు బసిలికా నుంచి వచ్చింది, పంపింది పోపు ఆరవ పౌలు. వోయ్చెహ్ పియెట్షిక్ గీసిన ఆ చర్చి ఒక ఓడ. 70 మీటర్ల తెరచాప కొయ్య, దాని మీద సిలువ. పేరే ప్రభువు ఓడ. 1977 మే 15న వొయ్తీవా దాన్ని ప్రతిష్ఠించాడు.

లోపల బ్రొనిస్వావ్ హ్రోమీ చేసిన భారీ క్రీస్తు విగ్రహం, సిలువ నుంచి విడివడి విల్లులా వంగి ముందుకు దూకబోతున్నట్టు ఉంటుంది. ఇంకో చోట మరియమాత విగ్రహం ఉంది, అది చూడందే రావద్దు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలోని మోంటె కసీనో దగ్గర గాయపడ్డ పోలిష్ సైనికుల ఒంట్లోంచి తీసిన ఇనుప ముక్కలు కరిగించి పోసిన విగ్రహం అది. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పంచే పవిత్ర రొట్టె, ఉంచే మందసంలో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీంచి తెచ్చిన స్ఫటికం ఉందని చెబుతారు. లెక్క చూడండి. దేశంలోకెల్లా పెద్ద ఉక్కు కర్మాగారం పక్కన ఉండి చర్చికి సామాను ఇవ్వమంటే, జనం యుద్ధభూమి నుంచీ చంద్రమండలం నుంచీ తెచ్చుకున్నారు. అదే 1950లో ప్రభుత్వమే పెద్దమనసుతో ఒక చర్చి మంజూరు చేసి ఉంటే ఏమయ్యేది? నాలుగు గోడలు, ఒక గంట, పసుపు సున్నం, ఆర్ అండ్ బీ గెస్ట్‌హౌస్ లాంటి ఒక కట్టడం. యాత్రికుడు ట్రాం దిగేవాడే కాదు.

1979లో పోపుగారు సొంతూరికి వచ్చినప్పుడు ఆయన్ను ఓడ దగ్గరికి రానివ్వలేదు. ఆయన మొగివా మఠానికి వెళ్లి మాట్లాడాడు, నోవా హుతా సిలువ దగ్గరే కొత్త సువార్త ప్రచారం మొదలైందన్నాడు. అంటే 1222 నాటి మఠానికి కూడా కొత్త పేరు తెచ్చింది ఆ నిషేధమే.

ఇక్కడ వెటకారం కాస్త ఆపాలి. సైనిక శాసనం నడుస్తున్న 1982లో అక్టోబరు 13న, ప్రభువు ఓడకు దగ్గర్లోనే, ఇరవై ఏళ్ల ఉక్కు కార్మికుడు బొగ్దన్ వ్వోషిక్‌ను రహస్య పోలీసు అధికారి ఒకడు కాల్చి చంపాడు. అతనికి అక్కడ స్మారకం ఉంది. దాని ముందు నిలబడ్డప్పుడు ఈ వ్యాసం గుర్తుతెచ్చుకోవద్దు.

మిస్త్షెయోవిత్సె చర్చి దూరమే అయినా వెళ్లండి. 1970లో ఫాదర్ యూజెఫ్ కుర్జెయా అనుమతి లేకుండా ఒక చిన్న ఆకుపచ్చ గుడిసె వేసి పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పడంతో మొదలైంది. పోలీసుల వేధింపులు తోడై 1976లో ఆయన పోయాడు, నలభై కూడా నిండలేదు. 1983లో పోపుగారే వచ్చి చర్చిని ప్రతిష్ఠించాడు. ఆ తరవాత ఫాదర్ కజిమియెష్ యన్చష్ గురువారాల పూజలకు కార్మికులు కిక్కిరిసేవాళ్లు. గుడిసెకు పర్మిషను లేదని పట్టుబట్టిన అధికారులు ఎవరో గాని, ఫలకం మీద వాళ్ల పేర్లు కాంట్రాక్టరు కంటే పైన ఉండాలి.

ఫలకం మీద పేర్లు మార్చే విద్యలో పోలండ్ వాళ్లు మనకేం తీసిపోరు. 1973లో గులాబీల వీధిలో పెట్టిన లెనిన్ విగ్రహానికి 1979లో ఎవరో బాంబు పెడితే మడమ ఎగిరిపోయింది. 1989 డిసెంబరులో విగ్రహాన్నే దించేశారు. దాన్ని స్వీడన్‌లోని కౌబాయ్‌ల వినోదాల పార్కు కొనుక్కుపోయింది. నడిబొడ్డు కూడలికి 2004లో రోనాల్డ్ రీగన్ పేరు తగిలించారు. లెనిన్ కర్మాగారం సెంజిమిర్ అనే ఇంజనీరు పేరుకు మారి, ఆ తరవాత మిత్తల్ గారి చేతికి వెళ్లింది. 2020లో అక్కడ బ్లాస్ట్ ఫర్నేస్ శాశ్వతంగా ఆపేశారు. ఇప్పుడు అదే ఆర్సెలార్ మిత్తల్ జపాన్ కంపెనీతో కలిసి మన అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర కర్మాగారం పెడతామంటోంది. మన ఉక్కు కార్మికులు ఓసారి క్రాకోవ్ వెళ్లి వస్తే మంచిది. చర్చిల కోసమే వెళ్తున్నామని సెలవు చీటీలో రాయవచ్చు.

నిషేధం పోయి ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పుడు పోలండ్‌లో చర్చి కట్టుకోవడానికి ఏ అడ్డూ లేదు. అంతటితో ఆగకుండా, 2018లో ఆదివారాలు దుకాణాలు మూయాలని చట్టం కూడా తెచ్చారు. పట్టుబట్టి తెప్పించింది ఒకప్పుడు కమ్యూనిస్టు సర్కారును ఎదిరించిన సాలిడారిటీ కార్మిక సంఘమే. ఆ ఏడు ఆదివారం పూజకు వచ్చేవాళ్లు నూటికి 38 మంది. 2022కి ముప్పైకి లోపే. మధ్యలో కోవిడ్ ఉందన్నమాట నిజమే గాని, దుకాణం మూసినంత మాత్రాన జనం చర్చిలోకి రారని తేలిపోయింది. పీఠాధిపతులకు నా సలహా ఒకటే. చట్టం తిరగేయించండి. దుకాణాలు తెరిపించి చర్చిలకు తాళం వేయించండి. మొదటి తాళం పాత మార్క్స్ వీధి మూలన పడితే ఇంకా మంచిది, అక్కడి ఆడవాళ్లకు అలవాటే.