ఒరేయ్ ఫలానా, ధైర్యంగా ఉండరా!

ఇది జరిగి మూడు రోజులే అయింది కనుక, రాస్తున్నప్పుడు కూడా చెవులు వేడెక్కుతూనే ఉన్నాయి. ముందు జరిగినదంతా క్లుప్తంగా చెప్పేస్తాను. మా ఆఫీసులో అందరికీ సానుకూల దృక్పథం మీద రెండు గంటల శిక్షణ ఇచ్చారు, హాజరు తప్పనిసరి అన్నారు, హాజరయ్యాను. మర్నాడు ఉదయం 11 గంటలకు పెద్దల ముందు నేను ఒక ప్రెజెంటేషన్ ఇవ్వవలసి ఉంది. దానికి 20 నిమిషాల ముందు వాష్‌రూమ్‌కు వెళ్లాను. కథ అక్కడే మొదలై అక్కడే ముగిసింది. ఆ తరువాతది నష్టపరిహారం లేని నష్టం.

ఒక చిక్కు ముందే విప్పాలి. నా పేరూ, మా విభాగాధిపతి పేరూ ఒకటే. ఇంటిపేర్లు వేరు, గదులు వేరు, జీతాలు మరీ వేరు. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఇది ఎవరి గురించన్న సందేహం మళ్లీ మొదటికి వస్తుంది. ఇద్దరినీ ఫలానా అనుకుందాం.

ఇక నా లోపల ఇంకొకడున్నాడు. నేను నలుగురిలో లేచి నిలబడగానే "ఇంకేముంది, పరువు పోయింది" అంటాడు. దూరంగా ఎవరైనా ఇద్దరు నవ్వుకుంటే "నీ గురించే" అంటాడు. కాగితంలో ఒక అంకె తప్పు పడితే, ఆ అంకెతో ఆగకుండా "నీకు ఏ పనీ చేతకాదు" అని నా మొత్తం జీవితానికి తీర్పు వినిపిస్తాడు. ఇలా పిలవకుండా వచ్చి పడే ఆలోచనలను 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికన్ మనోవైద్యుడు గుర్తించి, వాటికి ఆటోమేటిక్ థాట్స్ అని పేరు పెట్టాడు. వచ్చిన ఆలోచనను కాగితం మీద పెట్టి, దీనికి సాక్ష్యం ఏమిటి, దీన్ని కాదనే సాక్ష్యం ఏమిటి అని వకీలులాగా నిలదీయడం ఆయన రూపొందించిన చికిత్సలోని పద్ధతి. అది నిదానం మీద జరిగే పని, మా శిక్షకుడికి అంత నిదానం లేదు. దానికి ఒక్క స్లైడ్ విదిలించి, "అసలు చిట్కా" దగ్గరికి గెంతాడు.

చిట్కా ఆయన సొంతం కాదు, మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఈథన్ క్రాస్ బృందానిది. నలుగురి ముందు మాట్లాడవలసి వచ్చినప్పుడు "నేనెందుకు భయపడుతున్నాను" అని కాకుండా, తన పేరు పెట్టి, బయటి మనిషి పలకరించినట్టు తనను తాను పలకరించుకున్నవారికి కంగారు తగ్గిందని వారు 2014లో ప్రచురించారు. ఇందులో కిటుకు తేలికగానే అర్థమవుతుంది. స్నేహితుడు భయపడుతుంటే మనం ఎంత వివేకంగా మాట్లాడతామో, అదే భయం మనకు పట్టుకుంటే అంత అవివేకంగా వణుకుతాము; కాబట్టి కాసేపు మనకు మనమే స్నేహితులం కావాలన్నమాట. ఇంతవరకు నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. "అద్దం ముందు నిలబడి, గొంతెత్తి, గట్టిగా అనండి" అని శిక్షకుడు తన తరఫున కలిపిన మాట మీదే నా ఫిర్యాదంతా. ఆ పరిశోధనలో పాల్గొన్నవారు ఇదంతా మనసులోనే అనుకున్నారన్న సంగతి నేను ప్రెజెంటేషన్ అయిన రోజు సాయంత్రం చదివి తెలుసుకున్నాను. సాయంత్రం తెలిసిన సంగతి ఉదయానికి పనికిరాదు.

అద్దం ముందు నిలబడ్డాక తెలిసింది, అసలు సమస్య వ్యాకరణంలో ఉందని. ఇంగ్లీషువాడికి 'యు' అన్న ఒక్క మాటతో పని గడిచిపోతుంది. నన్ను నేను ఏమని పిలుచుకోవాలి? "మీరు భయపడకండి" అని చూశాను. ఎవరో నాకు బీమా అమ్మడానికి వచ్చినట్టుంది. "తమరు" అన్నది వెక్కిరింపులా తోచింది. "నువ్వు" పరవాలేదు కానీ, మొదటిసారి కలిసిన దూరపు బంధువుతో మాట్లాడినట్టు పొడిపొడిగా ఉంది. నా మనసుకు దగ్గరగా వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, వినక తప్పని గొంతుతో చెప్పగలిగినవాళ్లు ఇంతవరకు నన్ను ఒకే ఒక్క మాటతో పిలిచారు. ఆ మాటే తీసుకున్నాను. ఆ రోజు నేను మర్యాదగా "మీరు" దగ్గరే ఆగి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరం వచ్చేది కాదు.

"ఒరేయ్ ఫలానా!" అన్నాను.

నాలుగు గోడలకూ టైల్స్ ఉన్న గది కావడంతో ఆ పిలుపు ఖంగుమంది. నా గొంతులో అంత నిండుతనం ఉందని నాకే తెలియదు. ఆ ఉత్సాహంలో చేతులకు సబ్బు రాసుకుంటూ సాగించాను.

"ఎందుకురా నీకా వణుకు? ఆ కుర్చీకి నువ్వు తగవని ఎవరన్నారు? నీకు లెక్కలు రావని అందరికీ తెలిసిపోయిందని కదా నీ బెంగ! ఎవరికీ తెలియదురా. మార్చిలో నువ్వు వెలగబెట్టిన ఘనకార్యం కూడా జనం ఎప్పుడో మరిచిపోయారు. నిన్ను చూసి ఎవరూ నవ్వడం లేదు. నవ్వినా నీ ఎదురుగా నవ్వరు."

చివరి వాక్యం శిక్షణలో చెప్పినది కాదు, ఆవేశంలో నేను అల్లినది.

అప్పుడు నా వెనక, మూడు తలుపుల్లో చివరి తలుపు అవతల, ఒక దగ్గు వినిపించింది. దగ్గులో కూడా హోదా ఉంటుందని నేను అంతకు ముందు ఎన్నడూ గమనించలేదు. సామాన్యుడు దగ్గు వచ్చినప్పుడు దగ్గుతాడు. ఈ దగ్గు మాత్రం ఆలోచించి, తేదీ వేసి, సంతకం పెట్టి జారీ చేసినట్టుంది.

"ఎవరది?" అన్నారు లోపలినుంచి.

బుద్ధిమంతుడైతే ఆ క్షణంలో పారిపోయేవాడు. నాకూ ఆ బుద్ధి పుట్టింది కానీ, రెండు చేతులకూ మోచేతుల దాకా నురగ ఉంది, నీళ్లు మాత్రం రావడం లేదు. అది చెయ్యి పెడితే తనంతట తాను నీళ్లు వదిలే కుళాయి. ఎవరికీ అవసరం లేనప్పుడు ధారాళంగా వదులుతుంది, నా చెయ్యి కింద ఉన్నప్పుడు మాత్రం నన్ను మనిషిగా గుర్తించదు. నురగ చేతులతో తలుపు పిడి పట్టుకుంటే జారిపోతుంది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం మర్యాద కాదు. అందువల్ల చెప్పాను.

"నేనేనండీ, ఫలానాని."

ఈ జవాబును లోపలున్న మనిషి వైపు నుంచి ఒకసారి ఆలోచించాలని పాఠకులను వేడుకుంటున్నాను. ఒక పెద్దమనిషి తలుపు వేసుకుని ఏకాంతంగా కూర్చుని ఉన్నారు. బయటి నుంచి ఒక గంభీరమైన గొంతు ఆయనను పేరు పెట్టి, ఒరేయ్ అని పిలిచింది. ఆయన కుర్చీ సంగతి ఎత్తింది, లెక్కల సంగతి బయటపెట్టింది, మార్చి నెలను గుర్తు చేసింది. ఎవరు నువ్వని అడిగితే, నేను నువ్వేనని చెప్పింది. పురాణాల్లో అంతరాత్మ ఇంత స్పష్టంగా పలికిన సందర్భాలు కూడా తక్కువే.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు. నేను కుళాయి కింద చెయ్యి కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి జరుపుతూనే ఉన్నాను. చివరికి లోపలినుంచి, మునుపటి కంటే బాగా తగ్గిన స్వరంతో, ఇంకో ప్రశ్న వచ్చింది.

"ఏ మార్చి?"

"అది నా మార్చి అండీ" అన్నాను. మార్చిలో నేను పంపిన నివేదికలో ఒకే మొత్తాన్ని రెండుసార్లు కలిపానని, అదే నా గుండెలో ముల్లై కూర్చుందని, నన్ను నేనే ఓదార్చుకుంటున్నానని, ఇదంతా శిక్షణలో భాగమని చెప్పాలనుకున్నాను. అప్పుడే నీళ్లు వచ్చాయి. చెప్పకుండానే కడుక్కుని బయటపడ్డాను.

ప్రెజెంటేషన్ అయిపోయింది. నేను తెరను చూశాను, ఆయన బల్లను చూశారు.

శిక్షణలో మమ్మల్ని ఊరడించడానికి చెప్పిన ఇంకో ముక్క మధ్యాహ్నం గుర్తుకొచ్చింది. అదీ నిజమైన పరిశోధనే, 2000లో అచ్చయింది. ఒక విద్యార్థికి ఇబ్బందిగా అనిపించే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, నలుగురున్న గదిలోకి పంపి, ఎంతమంది గమనించి ఉంటారని అడిగితే, ఇలాంటి విద్యార్థులు సుమారు సగం మంది అని లెక్కగట్టారు. నిజానికి గమనించింది పావువంతు లోపే. కనుక లోకం మనల్ని మనం అనుకున్నంతగా చూడదని సారాంశం. మా వాష్‌రూమ్‌లో ఆ సమయంలో ఉన్న లోకం ఒక్కరు, గమనించినవారు ఒక్కరు. నాకు లెక్కలు రావన్నది నిజమే అయినా, ఇది నూటికి నూరని నేను కూడా చెప్పగలను.

శిక్షకుడికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "దీన్ని కూడా సానుకూలంగా తీసుకోవాలి" అన్నాడు. అలాగే రోజూ "నేను సమర్థుడిని" అని గట్టిగా అనుకుంటూ ఉండమన్నాడు. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన జోయన్ వుడ్ బృందం 2009లోనే దీని సంగతి తేల్చింది. తమ మీద తమకు గౌరవం తక్కువగా ఉన్నవారు "నేను ప్రేమించదగిన మనిషిని" అని పదే పదే అనుకుంటే, మనసు కుదుటపడకపోగా ఇంకా కుంగిందట. కాస్త మేలు కలిగింది అప్పటికే తమ మీద తమకు నమ్మకం ఉన్నవారికే. జ్వరం లేనివాళ్లకు మాత్రమే పనిచేసే జ్వరం మందు అన్నమాట. అరవై స్లైడ్లలో ఈ ముక్కకు చోటు దొరకలేదు కానీ, సూర్యోదయం బొమ్మకు మాత్రం నాలుగుసార్లు దొరికింది.

నిన్న సాయంత్రం విభాగాధిపతి నా బల్ల దగ్గర ఆగారు. అటూ ఇటూ చూశారు. నా పెన్నుల గ్లాసులోంచి ఒక పెన్ను తీసి, మూత పెట్టి, మళ్లీ అందులోనే వేశారు.

"నిజంగా ఎవరికీ గుర్తు లేదంటారా?" అన్నారు.

"ఏదండీ?"

"అదే, మార్చి."

ఆయనకు మార్చిలో ఏం జరిగిందో నాకు ఈ క్షణం వరకు తెలియదు. "ఎవరికీ గుర్తు లేదండీ" అన్నాను. తల పంకించి వెళ్లిపోయారు. నడకలో కొంచెం తేలిక కనిపించింది.

ఈ ఉదయం శిక్షణ విభాగం నుంచి ఒక ఫారం వచ్చింది, నింపడం తప్పనిసరి. 12 గడులు. చివరి గడిలో "ఈ సాధన వల్ల ప్రయోజనం పొందినవారి పేరు" అని ఉంది. రాసి పంపాను. ఇంటిపేరుకు గడి లేదు.