ఒకటో తరగతి టీచరెవరు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడే ఊళ్లో కరెంటు స్తంభాలన్నీ ఫొటోలతో నిండిపోతాయి. ఆ ఫ్లెక్సీల కిందుగానే ఐదారేళ్ల పిల్లల చేయి పట్టుకుని తల్లిదండ్రులు ప్రైవేటు బడుల చుట్టూ తిరుగుతుంటారు. పదిలో ఎవరికెన్ని మార్కులొచ్చాయో బడివాళ్లు అడగకుండానే చెబుతారు. జూన్‌లో తమ బిడ్డ చేత అక్షరాలు దిద్దించేదెవరో మాత్రం చెప్పరు. ఆ ప్రశ్నే అన్నిటికన్నా ముందు అడగండని తల్లిదండ్రులను కోరుతున్నాం.

అడ్మిషన్ల గదిలో ఏసీ, రంగుల బ్రోచరు, టీవీలో డిజిటల్ క్లాసు వీడియో ఉంటాయి. ఆరేళ్ల పాపను దగ్గరికి పిలిచి ‘ఇదేం కలర్? స్పెల్లింగ్ చెప్పు’ అంటారు. పాప అమ్మ వెనక్కి నక్కితే అమ్మ ముఖం చిన్నబోతుంది. తలదించుకోవాల్సింది ఆ తల్లి కాదు. ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి బిడ్డకైనా తల్లిదండ్రులకైనా పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టి వడపోయడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ నిషేధించింది. మొదటిసారి 25 వేలు, ఆపైన ప్రతిసారీ 50 వేల రూపాయల వరకూ జరిమానా వేయవచ్చు. డొనేషన్ గుంజితే అందుకు పది రెట్ల దాకా కట్టించవచ్చు. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులెందరు?

ఇక టీచర్ల సంగతి. అయిదో తరగతి వరకూ 30 మంది పిల్లలకు ఒక టీచరుండాలన్నది అదే చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరిలో వచ్చిన జీవో 1 ప్రకారం ఫీజుల రాబడిలో సగం సిబ్బంది జీతాలకు పోవాలి, యాజమాన్యానికి మిగిలేది 5 శాతం మించకూడదు. ఆ మాట నిజంగా అమలైతే, వెయ్యి రూపాయలు ఎక్కువిస్తామన్న పక్క బడికి దసరా సెలవుల్లో టీచరమ్మ వెళ్లిపోవాల్సిన అవసరం రాదు. సంక్రాంతి నాటికి పిల్లలు మూడో మేడమ్ ముఖం చూడాల్సిన గతి పట్టదు. ఆరేళ్ల బిడ్డకు బడి అంటే ఆ మేడమే. ‘ఈమె ఇక్కడ ఎన్నేళ్లుగా చెబుతున్నారు? డీఎడ్ (టీచరు శిక్షణ) చేశారా, టెట్ (టీచరు అర్హత పరీక్ష) పాసయ్యారా?’ అని అడగడానికి మొహమాటం వద్దు. ఆటో నడిపో, మిషను కుట్టో ఫీజు కడుతున్నవారికి ఆ హక్కు మరీ ఎక్కువ.

సెలవు రోజున కాదు, బడి నడిచే రోజున వెళ్లండి. ఒకటో తరగతి నోటుపుస్తకం ఒకటి చూపించమనండి. పేజీలన్నీ అచ్చుగుద్దినట్టు ఉండి, ప్రతి పేజీ కింద ఎర్ర సిరా టిక్కు తప్ప దిద్దుబాటే లేకపోతే అది బోర్డు మీది రాతకు నకలు. ‘ళ’ తిరగబడి, పక్కనే టీచరు సరిచేసి రాసిచ్చి, కింద పిల్లవాడు మళ్లీ ప్రయత్నించిన పుస్తకం కనబడితే ఆ తరగతిలో చదువు జరుగుతోందన్నమాట. రెండో తరగతి పిల్లల చేత నాలుగు తెలుగు వాక్యాలు చదివించమనీ అడగండి. తెలంగాణలో 2018 చట్టంతో తెలుగు బోధన తప్పనిసరైంది. ఇంట్లో గలగలా మాట్లాడే భాషలోనే కూడబలుక్కుని చదివే పిల్లలు ఇంగ్లిషు పాఠాన్ని బట్టీ పట్టడం తప్ప ఏం చేయగలరు?

మరుగుదొడ్లు చూడకుండా తిరిగి రావద్దు. కుళాయి చిన్న చేతులకు అందుతోందా, లోపల గొళ్లెం ఉందా అన్నది చూడాలి. బస్సు ఫిట్‌నెస్, డ్రైవరు, క్లీనరు గురించి అడగాలి. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటులో బడి బస్సును రైలు ఢీకొట్టిన ఉదయాన్ని ఈ నేల మరిచిపోలేదు.

అన్నట్టు, మీ వీధి చివర సర్కారు బడి ఉంటే దాన్నీ ఒకసారి చూసి రండి. అక్కడి టీచర్లు డీఎస్సీ అనే సర్కారు టీచర్ల ఎంపిక పరీక్ష గట్టెక్కి వచ్చినవారు.

అయితే ఈ భారమంతా తల్లిదండ్రుల మీదే నెట్టేయడం అన్యాయం. ప్రైవేటు బడులు పేద పిల్లలకు 25 శాతం సీట్లివ్వాలన్న విద్యాహక్కు చట్టం నిబంధనే ఆంధ్రప్రదేశ్‌లో 2022-23లో గానీ మొదలు కాలేదు. తెలంగాణలో ఫీజుల నియంత్రణపై ప్రభుత్వం తిరుపతిరావు కమిటీని వేసిందే 2017లో. గుర్తింపు పత్రం, ప్రతి బడికీ సర్కారు ఇచ్చే 11 అంకెల యూడైస్ కోడ్, తరగతివారీ ఫీజు, ప్రతి టీచరు పేరూ అర్హతా రాసిన బోర్డు ప్రతి ప్రైవేటు బడి గేటు దగ్గర ఉండాలి. కొత్త అడ్మిషన్లు మొదలయ్యేలోగా ఆ బోర్డులు పెట్టించే బాధ్యతను రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు మండల విద్యాధికారులకు (ఎంఈవోలకు) అప్పగించాలి. పెట్టని బడికి గుర్తింపు పొడిగించకూడదు.