గరిటె కాదు, కాగితం ఇవ్వండి

ఆరుబయట వంట అనగానే మనందరిదీ ఒకటే వరస. పిల్లాడి చేతికి గరిటె ఇస్తాం, రెండుసార్లు తిప్పమంటాం, ఫొటో తీస్తాం, "ఇక చాలు, అవతలికెళ్లి ఆడుకో" అంటాం. సాయంత్రానికి పోస్టు: "మా బుజ్జిగాడు వంట చేశాడోచ్!" ఏం చేశాడండీ? పొయ్యి పక్కన నిలబడ్డాడు, అంతే.

మొన్నటిదాకా నేనూ ఆ బాపతే. ఈసారి మా తొమ్మిదేళ్లవాడికి కాగితం, పెన్ను ఇచ్చాను. "నలుగురం, రెండు పూటలు. ఏం వండుకోవాలో, ఏమేం మోసుకెళ్లాలో నువ్వే రాయి. నేను దిద్దను" అన్నాను. ఆ ఆఖరి మాట మీద నిలబడటానికి ఎంత అవస్థ పడ్డానో నాకే తెలుసు.

మనిషికి రెండు బంగాళాదుంపలు, మొత్తం ఎనిమిది. గుడ్లు దారిలో పగుల్తాయేమోనని రెండు ఎక్కువ. ఈ ముందుచూపు నాకెప్పుడూ లేదు. రెండో పూటకి కోడిమాంసం రాశాడు. అక్కడ మాత్రం నోరు విప్పక తప్పలేదు, ఎందుకంటే అది రుచి సంగతి కాదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి, ఐసుపెట్టెలో పెట్టినా ఐసు ఉన్నంతసేపే భరోసా అని చెప్పాను. "అయితే ముందు పాడయ్యేది ముందే తినేద్దాం" అని వాడే పూటలు తారుమారు చేశాడు.

జాబితాలో మూత లేదు. ఇంట్లోనే చూశాను. నోటిదాకా వచ్చిన మాట మింగేసి ఊరుకున్నాను.

అక్కడ ఒకటే గాలి. ఎంతసేపటికీ నీళ్లు మరగవు. వాడు గిన్నెలోకి, పొయ్యిలోకి మార్చి మార్చి చూసి, స్టీలు కంచం తెచ్చి బోర్లించాడు. గాలికి అది జారింది. మళ్లీ పెట్టి పైన ఒక రాయి ఉంచాడు. కాసేపటికి కంచం టకటకలాడింది. జేబులోంచి కాగితం తీసి, ఆరిన బొగ్గుముక్కతో 'మూత' అని అడ్డదిడ్డంగా రాసుకున్నాడు. నేను వందసార్లు చెప్పినా అలా రాసేవాడా?

"నిప్పు దగ్గర పిల్లలేంటి?" అనేవాళ్లకి: పొయ్యి చుట్టూ మీటరు దూరాన గీత గీశాం. గీత లోపల ఒక పిల్ల, ఒక పెద్ద, అంతే. నైలాన్ బట్టలు వద్దు, నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. ఏట్లోంచి తీసిన తడి రాళ్లు పొయ్యికి పెట్టొద్దు, లోపలి నీరు ఆవిరై పేలే ప్రమాదం ఉంది. నీళ్ల బకెట్ ముందు, అగ్గిపుల్ల తర్వాత. ఇవన్నీ ఎందుకో చెబితే పిల్లలు మనకన్నా గట్టిగా పాటిస్తారు. మంట తగ్గి నిప్పులయ్యేదాకా ఆగలేక దుంపలు పైన మాడ్చి, లోపల పచ్చిగా వదిలేసింది మా ఆయన, మావాడు కాదు.

బయల్దేరే ముందు కూడా ఆయనే, "ఇసుక కప్పేస్తే సరి, పదండి" అన్నారు. ఇసుక కింద నిప్పులు గంటల తరబడి కాలుతూనే ఉంటాయని వాడికి ముందురోజే చెప్పాను. వాడు నీళ్లు పోశాడు, కర్రతో కలిపాడు, మళ్లీ పోశాడు. అరచెయ్యి తిప్పి, వెనకవైపు బూడిదకి దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇంకా సెగ ఉంది. ఇంకో బకెట్ తే నాన్నా."

సంచులన్నీ అప్పటికే కారెక్కించేసిన మా ఆయన, బకెట్ పట్టుకుని మళ్లీ ఏటివైపు నడిచారు.