అదృష్టం కాదు, ఏళ్ల తరబడి పని

పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న దేశం మార్షల్ దీవుల తొలి మహిళా అధ్యక్షురాలు హిల్డా హైనీ మీద మీ వ్యాసం బాగుంది. కానీ 2016లో ఆమె గెలుపును "అనూహ్యం" అనడం నాకు నచ్చలేదు. జనవరి మొదట్లో పార్లమెంటులో ఒక్క ఓటు తేడాతో అధ్యక్షుడిగా ఎన్నికైన క్యాస్టెన్ నెమ్రా రెండు మూడు వారాల్లోనే అవిశ్వాసంలో పడిపోయిన మాట నిజమే. ఆ తర్వాత హైనీ ఒక్కరే పోటీలో నిలిచి, 33 మంది సభ్యుల నిటిజెలాలో (అక్కడి పార్లమెంటు) 24 ఓట్లు తెచ్చుకున్నారు. అయితే అంతకుముందు ఆవిడ ఏం చేశారో కూడా చూడాలి కదా!

ఆవిడ మొదట బడిలో పాఠాలు చెప్పిన టీచరు. 1987లో తోటి మహిళలతో కలిసి మహిళా సంఘం పెట్టారు. డాక్టరేట్ అందుకున్న మొదటి మార్షలీస్ వ్యక్తి ఆవిడే. 2012 నుంచి విద్యాశాఖ మంత్రి. ఇన్నేళ్ల పనిని పక్కన పెట్టి, ఏదో కలిసొచ్చిందన్నట్టు రాస్తే బాధేస్తుంది.

ఇంకో సంగతి. అక్కడ భూమి హక్కు తల్లి వైపు నుంచి వస్తుంది. భూమి అమ్మది, సభలో కుర్చీలు మాత్రం దాదాపు అన్నీ మగవాళ్లవే! 2015 చివర్లో జరిగిన ఎన్నికల్లో గెలిచిన మహిళలు ముగ్గురే.

2018లో ఆవిడ మీద అవిశ్వాసం పెడితే 16–16తో ఆగింది, ఎంత టెన్షన్ పడి ఉంటారో. 2020లో పదవి పోయింది. 2024లో 17–16తో మళ్లీ అధ్యక్షురాలయ్యారు. దీని మీద కూడా వివరంగా రాయండి.