పర్సంటేజీ రాసే ఆఫీసు ఉంది, పని అడిగే ఆఫీసు లేదు

ఆమధ్య మా పిన్ని కొడుకును సదరం శిబిరానికి, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే చోటికి, తీసుకెళ్లాను. కోనసీమలోనే ఒక ప్రభుత్వాసుపత్రి. వరండాలో మా ముందు ఒక తల్లి కూర్చుని ఉంది, ఒడిలో పంతొమ్మిదేళ్ల కొడుకు. సెరిబ్రల్ పాల్సీ. కాళ్లు ఆమె ఒడి దాటి బెంచీ చివరిదాకా వచ్చేశాయి. తల ఒరిగిపోకుండా ఎడమ మోచేత్తో ఆపుతూ కుడిచేత్తో కాగితాల కవరు పట్టుకుంది. లంక గ్రామం నుంచి తెల్లారగట్ల బయల్దేరి, పడవ దాటి, ఆటో మాట్లాడుకుని వచ్చారట. డాక్టరుగారు అబ్బాయిని చూశారు, పాత సర్టిఫికెట్ చూశారు, కంప్యూటర్లో అంకె పడింది. అంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు. బయటికొచ్చాక మాట కలిపి "వీడు పుట్టకముందు ఏం పని చేసేవారమ్మా?" అని అడిగాను. "లేసు అల్లేదాన్నండి. మా అమ్మ కంటే నా చెయ్యే స్పీడనేవారు. వీడు పుట్టాక సూది పట్టలేదండి. రెండు చేతులూ వీడికే సరిపోతాయి కదండీ" అంది.

ఆ పది నిమిషాల్లో ఆ అబ్బాయికి ఏమేం చేతకాదో అంతా కాగితం మీదికి వచ్చింది. ఏం చేతనవుతుందో ఒక్క ముక్క రాలేదు. తల్లి సంగతి సరేసరి. సంతకం పెట్టేచోట తప్ప ఆమె అవసరం ఎక్కడా పడలేదు. మనిషిలో ఎంత తక్కువైందో కొలవడానికి మనకు శిబిరాలున్నాయి, స్లాట్లున్నాయి, సాఫ్ట్‌వేర్ ఉంది. ఆ మనిషి ఏం పని చేయగలడు, ఏం నేర్చుకోవాలనుకుంటున్నాడు, అతణ్ణి చూసుకునే ఆవిడకి రోజులో ఎన్ని గంటలు వెసులుబాటు దొరికితే ఆమె కూడా నాలుగు రూపాయలు సంపాదించుకోగలదు అని అడిగే కుర్చీ మాత్రం మండలం నుంచి జిల్లా దాకా ఎక్కడా కనపడదు. వికలాంగుల ఉపాధి గురించి ఎన్ని సభలు పెట్టినా ఈ కుర్చీ వేయకుండా ఒక్క అడుగు ముందుకు పడదన్నది నా వాదన.

కొంతకాలంగా ఆంధ్రప్రదేశ్‌లో ఈ విషయం మీద జరిగిన చర్చంతా వికలాంగుల పింఛను చుట్టూనే తిరిగింది. 2024 జులై నుంచి నెలకు 3 వేలు 6 వేలయింది. మంచానికే పరిమితమైనవారికి 15 వేలు ఇస్తున్నారు. ఆ తర్వాత సర్టిఫికెట్ల పునఃపరిశీలన, నోటీసులు, అప్పీళ్లు, ధర్నాలు అందరికీ తెలిసినవే. ప్రభుత్వం పక్షాన మాట్లాడేవారు రెండు మాటలంటారు. దేశంలో ఇంత పింఛను ఇచ్చే రాష్ట్రాలు ఎన్ని ఉన్నాయి, దొంగ సర్టిఫికెట్లతో తినేవాళ్లని ఏరొద్దా అని. పింఛను పెంచడం మంచి పని, దానివల్ల చాలా ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. అనర్హుల్ని ఏరాల్సిందే, కాదనేవారు లేరు. అయితే ఈ రెండు మాటల దగ్గరే ఆగిపోతే, పింఛను రావాలంటే వైకల్యం కనీసం 40 శాతం ఉండాలన్న గీత మనిషి బతుకంతా అయి కూర్చుంటుంది. గీతకి పైన ఉన్నవాడు పనిలోకి వెళ్లడానికి భయపడతాడు. పీఎఫ్ పడితే పింఛను ఆగిపోతుందేమోనని టెన్షన్. గీతకి కింద పడ్డవాడికి పింఛనూ లేదు, పనీ లేదు. నిన్నటి చెయ్యే ఇవాళా ఉంది, కాగితం మీద అంకె మారిందంతే.

2016 వికలాంగుల హక్కుల చట్టం చాలా మంచి చట్టం. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే ఇందులో వాటిని 21కి పెంచారు. సర్కారీ ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్‌ని 4 శాతం చేశారు. ప్రైవేటు యజమానులు సిబ్బందిలో 5 శాతం వికలాంగుల్ని పెట్టుకునేలా ప్రోత్సాహకాలివ్వాలని కూడా రాశారు. కానీ మన గోదావరి డెల్టాలో పని ఎక్కడుంది? కలెక్టరేట్‌లో ఎంతమంది పనిచేస్తారు, కడియం నర్సరీల్లో ఎంతమంది పనిచేస్తారు? బ్యాక్‌లాగ్ పోస్టుల నోటిఫికేషన్ కోసం డిగ్రీ చదివిన పిల్లలు ఏళ్లకేళ్లు ఎదురుచూస్తుంటే, ఇంటి పక్కనే ఉన్న పని వాళ్ల కోసం ఎవరూ సర్దిపెట్టడం లేదు.

సర్దిపెట్టడం అంటే ఏమిటో కడియంలో చూశాను. అక్కడ రోజంతా జరిగే పనుల్లో ఒకటి పాలిథిన్ సంచుల్లో మట్టీ ఎరువూ కలిపి నింపి మొక్క నాటడం. ఆడకూలీలు గొంతుక్కూర్చుని చేస్తారు. గొంతుక్కూర్చోలేని మనిషికి ఈ పని లేనట్టే. ఒక తోటలో మాత్రం రెండు సిమెంటు దిమ్మల మీద పాత తలుపుచెక్క వేసి ఉంది. దాని మీద మట్టి కుప్ప. పోలియో వచ్చిన ఒకాయన తన మూడు చక్రాల బండిలోనే కూర్చుని, ఆ చెక్క దగ్గరికి జరిగి, సంచి నోరు బొటనవేలితో తెరిచి, గుప్పెడు మట్టి వేసి, అడుగు చెక్కకేసి తట్టి పక్కన పెడుతున్నాడు. పక్కన కూర్చున్నవాళ్లతో సమానంగా సంచులు లేస్తున్నాయి. చట్టం భాషలో దీన్ని సహేతుకమైన సర్దుబాటు అంటారు. ఆ రైతుకి ఆ మాట తెలియదు. "మనిషి కింద కూర్చోలేడండి, మట్టినే పైకెక్కించాం" అన్నాడు. అయిన ఖర్చు దిమ్మలు మోయించిన కూలి.

ఇలా చూడటం మొదలుపెడితే డెల్టా అంతా పనే. ఆత్రేయపురంలో పూతరేకు తీయడం చూడండి. బోర్లించిన కుండ, కింద సన్నటి మంట, బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ. గుడ్డని కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు లేస్తుంది. ఆ పనికి చేతివాటం కావాలి, ఓపిక కావాలి. చెవులు వినపడాల్సిన అవసరం లేదు, నడవాల్సిన అవసరం లేదు. రేకుల్లో నెయ్యి, పంచదార వేసి చుట్టడం, పెట్టెల్లో సర్దడం వేరే మనుషులు చేసే పనులు. 2023లో ఆ పూతరేకుకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, ఆర్డర్లు పెరిగాయి. అంబాజీపేట కొబ్బరి వ్యాపారంలో కాయ ఒలిచేవాడూ, కురిడీ (ఎండు కొబ్బరికాయ) గ్రేడు చేసేవాడూ, లెక్క రాసేవాడూ వేర్వేరు. అన్ని పనులూ అందరికీ కుదరవు. భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలో గంటల తరబడి ఐసు నీళ్ల మధ్య నిలబడే పని చాలామందికి నేనైతే చెప్పను. కానీ పనిని ముక్కలుగా విడదీసి చూస్తే ప్రతి ముక్కకీ సరిపోయే మనిషి మన ఊళ్లోనే దొరుకుతాడు. ఆ విడదీసి చూసే పని ఎవరిది? అదొక ఉద్యోగం. ఆ ఉద్యోగం మన దగ్గర లేదు.

దానికి బదులు శిక్షణలున్నాయి. 2015లో కేంద్రం వికలాంగుల నైపుణ్య శిక్షణకు జాతీయ ప్రణాళిక ప్రకటించింది. ఏడేళ్లలో 25 లక్షల మందికి అన్నారు. బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు భోజనం, వసతి పెట్టి ఉచితంగా నేర్పుతాయి. వాటిని తప్పుపట్టను. కానీ వికలాంగుల బ్యాచ్ అనేసరికి కొవ్వొత్తులు, అగరబత్తులు, పేపరు కవర్లు! ఆ కొవ్వొత్తి ఎవరు కొంటారని ముందు అడగరు. నేర్పినవాళ్లు సర్టిఫికెట్ ఇచ్చి ఫొటో దిగి వెళ్లిపోతారు, నేర్చుకున్నవాడు దాన్ని ట్రంకుపెట్టెలో సదరం కాగితం పక్కనే పెట్టుకుంటాడు. ముందు యజమానిని వెతికి, ఆ పని దగ్గరే నేర్పించి, మొదటి రెండు మూడు నెలలు ఒక మనిషి వెంట ఉండి కుదిర్చిపెట్టాలి. అప్పుడే నిలబడతారు. ఇక నరసాపురం, సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి రోజూ శిక్షణకు రమ్మంటే వీల్‌చైర్ మనిషి ఎన్నాళ్లు వస్తాడు?

ఇప్పుడు ఆ తల్లి దగ్గరికి వస్తాను, ఎందుకంటే అసలు దెబ్బ అక్కడుంది. ఒక ఇంట్లో ఎక్కువ సాయం అవసరమైన మనిషి ఉంటే ఆ ఇంట్లో పోయేది రెండు సంపాదనలు. ఒకటి ఆ మనిషిది, రెండోది చూసుకునేవారిది. రెండోది మన లెక్కల్లో లేదు. 2016 చట్టంలోనే, 24వ సెక్షన్లో, ఎక్కువ సాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం అన్న మాట స్పష్టంగా ఉంది. కేరళ ఆశ్వాసకిరణం పేరుతో మంచాన పడ్డవారిని చూసుకునేవారికి నెలకు 600 రూపాయలు పెట్టింది. మొత్తం చిన్నదే, కానీ అది చూసుకునే మనిషి పేరు మీద ఉంది. మన 15 వేలు చాలా పెద్ద మొత్తం, అది రోగి పేరు మీద ఉంది. నిజానికి అందులో సగం ఆ తల్లి జీతమే. కానీ జీతం అని ఎవరూ రాయలేదు కాబట్టి, రేపు ఆ బిడ్డ పోతే ఆమెకి కొడుకూ ఉండడు, ఆ డబ్బూ ఉండదు, ఇరవై ఏళ్లు పనిచేసినట్టు కాగితమూ ఉండదు. యాభై ఏళ్ల వయసులో మళ్లీ మొదటి నుంచి కూలికి వెళ్లాలి.

దీన్ని వైకల్యం సమస్య అని మాత్రమే అనుకుంటే పొరపాటు. ఇంట్లో ఆడమనిషి చేసేది పని కాదనే జబ్బు గోదావరి జిల్లాల్లో పాతది. నరసాపురం లేసు చూడండి. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక అది. అప్పటి నుంచీ సూది ఆడుతూనే ఉంది, విదేశాలకు వెళుతూనే ఉంది, 2024లో జీఐ గుర్తింపు కూడా తెచ్చుకుంది. కానీ అల్లే ఆవిణ్ణి ఏం చేస్తారమ్మా అని అడిగితే ఇవాళ్టికీ "ఇంట్లోనేనండి, ఖాళీ టైములో అల్లుకుంటాను" అంటుంది. ఏజెంటు నూలు ఇస్తాడు, పీసు లెక్కన డబ్బిస్తాడు. ఖాళీ టైము పని కాబట్టి రేటు తక్కువ, రేటు తక్కువ కాబట్టి అది పని కాదు. సంరక్షణదీ ఇదే కథ. జనం రోజులో ఏ పనికి ఎంత సేపు పెడతారో కేంద్రం లెక్క తీసిన 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం ఇంట్లోవాళ్ల సంరక్షణలో ఉన్నారు, మగవాళ్లలో 21.4 శాతం. చేసే ఆడవాళ్లు రోజుకు 140 నిమిషాలు పెడితే మగవాళ్లు 74 నిమిషాలు. అది సగటు. పంతొమ్మిదేళ్ల కొడుకుని ఎత్తుకుని తిరిగే తల్లికి రోజులో నిద్ర తీసేస్తే మిగిలేదంతా ఆ పనే. ఇరవై ఏళ్లు మనిషిని పొజిషన్ మార్చి పడుకోబెట్టడం, పుళ్లు పడకుండా చూడటం, మింగలేని నోటికి అన్నం పెట్టడం నేర్చుకున్న ఆడవాళ్లు వీళ్లు. పట్నంలో ఈ పనికి కేర్‌టేకర్ల ఏజెన్సీలు నెలకు వేలకు వేలు వసూలు చేస్తున్నాయి. ఈ తల్లులకు ఒక చిన్న పరీక్ష పెట్టి, తెలియని నాలుగు విషయాలు నేర్పి సర్టిఫికెట్ ఇస్తే డెల్టాలో వృద్ధులు ఒంటరిగా మిగిలిన ఇళ్లకి వీళ్లకంటే నమ్మకమైన మనుషులు ఎక్కడ దొరుకుతారు? పిల్లలు అమెరికాలో, హైదరాబాదులో ఉండి అమ్మానాన్నల కోసం మనిషిని వెతికి అలసిపోయిన ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి.

అడగడానికి కొత్త శాఖ అక్కర్లేదు. ప్రతి నెలా ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి పింఛను పట్టుకుని ప్రతి వికలాంగుడి గుమ్మం ఎక్కుతున్నాడు. వేలిముద్ర తీసుకుని, డబ్బు లెక్కపెట్టి, వెళ్లిపోతున్నాడు. ఒక్క నెల, ఆ వేలిముద్ర తర్వాత రెండు ప్రశ్నలు అడగమనండి. మీరు ఏం పని చేయగలరు? మిమ్మల్ని చూసుకునేవారు ఎవరు, వారికి ఏం పని వచ్చు? నెల తిరిగేసరికి ఏ ఊళ్లో ఎంతమంది, ఏ చేతిలో ఏ పని ఉందో జిల్లా మొత్తం జాబితా కలెక్టరు బల్ల మీద ఉంటుంది. దాన్ని పట్టుకుని నర్సరీలకీ, పూతరేకుల వాళ్లకీ, లేసు ఏజెంట్లకీ తిరిగే మనిషిని మండలానికి ఒకరిని వేయాలి. ఆ మనిషి వికలాంగుడే అయితే మరీ మంచిది.

ఇక ఆ తల్లికి కావాల్సిన గంటలు. "రోజుకి మూడు గంటలు ఎవరైనా వీడి దగ్గర కూర్చుంటే సూది ఎందుకు పట్టనండీ" అంది నాతో, ఆటో ఎక్కుతూ. మూడు గంటలు కూర్చోబెట్టడానికి ఒక గది, ఇద్దరు ఆయాలు, ఒక ర్యాంపు కావాలి. 1996 నవంబరు తుఫాను తిన్న తీరం మనది. తీరం వెంబడి ఊళ్లలో తుఫాను షెల్టర్లు ఉన్నాయి. కొన్ని పెచ్చులూడి పాడయ్యాయి, కొన్ని ఇప్పటికీ గట్టిగానే ఉన్నాయి. ఏడాదిలో నాలుగు రోజులు తప్ప వాటికి తాళమే. గట్టిగా ఉన్న ఒక్కదాంతో మొదలుపెట్టొచ్చు. తాళంచెవి ఎవరింట్లో ఉందో ఆ ఊళ్లో పిల్లాడికి కూడా తెలుసు.